ఎదురుగా ఉన్న పాత స్కూలు కూలుతుందా, ఉంటుందా? కిచెనర్ నుంచి ఒక ఇంజనీరు జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. హైదరాబాద్ నుంచి వచ్చి కెనడాలోని కిచెనర్‌లో ఏడాదిన్నరగా ఉంటున్నారు. డౌన్‌టౌన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక టౌన్‌హౌస్ చూశారు. ఎదురుగా మూతపడిన పాత ఇటుక స్కూలుంది. ఏజెంటేమో “అది హెరిటేజ్, ఎవరూ ముట్టుకోరు” అంటున్నాడు. ఆ వీధిలో ఉండే పెద్దాయనేమో “చూస్తూ ఉండండి, 30 అంతస్తుల టవర్ లేస్తుంది” అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? దీనితోపాటు ఇంకో సందేహం కూడా అడిగారు: తోళ్ల ఫ్యాక్టరీలో ఆఫీసులు, పోస్టాఫీసులో లైబ్రరీ, చర్చిలో ఇళ్లు పెడుతున్నారు, ఇంత తిప్పలెందుకు, కూల్చి కొత్తది కట్టుకుంటే చవక కదా అని.

ముందు సూటిగా జవాబు: ఇద్దరి మాటా నమ్మకండి. ఇక్కడ పాత పబ్లిక్ బిల్డింగ్ భవిష్యత్తు దాని వయసును బట్టి తేలదు, గోడకు తగిలించిన ఇత్తడి పలకను బట్టీ తేలదు. పాతవాళ్లు ఖాళీ చేసేనాటికి కొత్తగా వచ్చేవాళ్లెవరో ఖాయమైందా లేదా అన్న దాన్ని బట్టి తేలుతుంది. ఖాయం కాకపోతే ఒక్కో చలికాలం దాని ఆయుష్షులో కొంత తినేస్తుంది. కాబట్టి స్కూలు ఖాళీ అయి ఎన్ని చలికాలాలైంది, లోపల హీటింగ్ నడుస్తోందా, తీసుకునేవాళ్లెవరైనా తేలారా, ఈ మూడూ కనుక్కోండి. ఎలాగో కింద రాస్తాను.

నా సంగతి: స్ట్రక్చరల్ ఇంజనీరుని. పదిహేడేళ్లుగా ఒంటారియో ప్రావిన్స్‌లో, అందులో ఎక్కువ కాలం కిచెనర్ ఉన్న ఈ వాటర్లూ రీజియన్‌లోనే, పాత కట్టడాలను కొత్త అవసరాలకు మార్చే పనులు చేస్తున్నాను. అంటే పాత బిల్డింగుల మీద నాకు కొంచెం పక్షపాతముంది. అది మినహాయించుకుని చదవండి.

ముందు ఒక పాత కథ. అది తెలియకపోతే ఈ ఊరి ధోరణి అర్థం కాదు. విక్టోరియా పార్కులో ఒక క్లాక్ టవర్ ఉంది, చూసే ఉంటారు. చుట్టూ బిల్డింగేమీ లేకుండా గడియారం ఒక్కటే నిలబడి ఉంటుంది. అది పాత సిటీ హాల్ తల. 1924లో కట్టిన ఆ సిటీ హాల్‌ను 1973లో కూల్చేశారు. దాని స్థలంలో ఈటన్స్ పెద్ద దుకాణంతో మార్కెట్ స్క్వేర్ అనే మాల్ వస్తే డౌన్‌టౌన్ బతుకుతుందని అప్పటి లెక్క. దొంగచాటుగా చేసిన పని కూడా కాదు, 1971లో జనం ఓటుకు పెడితే సరేనన్నారు. ఆ తర్వాత 20 ఏళ్లు సిటీ ఆఫీసులు అద్దె టవర్‌లో నడిచాయి. 1993లో గానీ ఇప్పుడున్న సిటీ హాల్ రాలేదు. చలికాలంలో ముందున్న ఫౌంటెన్ కొలను స్కేటింగ్ రింక్ అవుతుందే, అదే. కూల్చేటప్పుడు తీసి దాచిన గడియారాన్ని 1995లో పార్కులో నిలబెట్టారు. ఈటన్స్ కంపెనీ 1999లో దివాలా తీసింది. మార్కెట్ స్క్వేర్‌లో ఇప్పుడు ఎక్కువగా ఆఫీసులే.

ఇక్కడ పాతికేళ్లకు పైగా ఉన్నవాళ్లెవరైనా కౌన్సిల్ మీటింగులో మైకు అందుకుంటే, రెండో వాక్యంలోనో మూడో వాక్యంలోనో ఈ సిటీ హాల్ మాట వస్తుంది. కౌన్సిలర్లకు అది ఇంకా మండుతుంది. అందుకే ఇక్కడ పబ్లిక్ బిల్డింగ్ అనేసరికి కూల్చడానికి కొంచెం జంకుతారు. జంకు మాత్రమే, నిషేధం కాదు. 2018లో ఫ్రెడరిక్ స్ట్రీట్ మీది ట్రినిటీ యునైటెడ్ చర్చిని కూల్చి కాండో ఫ్లాట్లకు దారిచ్చారు.

ఫ్యాక్టరీల విషయం వేరు. ఈ ఊరి పేరు 1916 దాకా బెర్లిన్. జర్మన్ వలసదారులు పెట్టిన తోళ్లు, రబ్బరు, ఫర్నిచర్, గుండీల ఫ్యాక్టరీలతో పెరిగిన ఊరు. అవి మూతపడ్డాక డౌన్‌టౌన్ పశ్చిమం వైపు వీధులకు వీధులే బోసిపోయాయి. 2004లో సిటీ కౌన్సిల్ ఓ పెద్ద నిర్ణయం తీసుకుంది. పదేళ్లలో 11 కోట్ల డాలర్ల ఫండ్ పెట్టి డౌన్‌టౌన్‌కి మనుషుల్ని రప్పించాలని. మాల్ కట్టించి జనం కోసం ఎదురుచూసే పద్ధతి మానేసి, రోజూ రాక తప్పని వాళ్లను, అంటే స్టూడెంట్లను, ఉద్యోగుల్ని తెచ్చుకున్నారు. అందులో 3 కోట్లు వాటర్లూ యూనివర్సిటీకి ఇచ్చి ఫార్మసీ స్కూలును డౌన్‌టౌన్‌కి తెప్పించారు. లారియర్ యూనివర్సిటీ సోషల్ వర్క్ విభాగం 2006లో డ్యూక్ స్ట్రీట్ మీది పాత సెయింట్ జెరోమ్స్ బిల్డింగులోకి వచ్చింది. మీరు అడుగుతున్న పాత స్కూలు లాంటి దానికి ఇక్కడ దొరికే దగ్గరి ఉదాహరణ అదే. చదువు కోసం కట్టిన ఇల్లు చదువుకే పనికొచ్చింది.

మీరన్న తోళ్ల ఫ్యాక్టరీ, ల్యాంగ్ ట్యానరీ సంగతి కూడా చూడండి. తోళ్ల పని 1954లో ఆగిపోయింది. అయినా చిన్నా చితకా అద్దెదారులు అందులో ఉంటూనే వచ్చారు. 2010లో టెక్ స్టార్టప్‌లకు అండగా ఉండే కమ్యూనిటెక్ సంస్థ అందులోకి వచ్చేసరికి పైకప్పు కింద మనుషులున్న బిల్డింగ్ దొరికింది. ఐదు చిల్లర దుకాణాలు అద్దెకున్న బిల్డింగ్ నాకు బంగారం. ఎవరూ లేని రాజభవనమైతే తలనొప్పి. ఎందుకంటే దుకాణం వాడి నెత్తిన నీటి చుక్క పడితే ఆ సాయంత్రమే ఓనరుకు ఫోన్ చేస్తాడు. ఖాళీ బిల్డింగులో పడిన చుక్క ఎవరికీ ఫోన్ చేయదు.

ఇక “కూల్చి కట్టడం చవక కదా” అన్న మాట. కొన్నిసార్లు చవకే, కాదనను. కానీ లెక్క ఎక్కడ తిరగబడుతుందో చెబుతాను.

ఒకటి, బరువు. బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇళ్ల ఫ్లోర్‌ను చదరపు మీటరుకు సుమారు 195 కిలోల బరువు మోసేలా డిజైన్ చేయాలి. క్లాసు గదులకు, పై అంతస్తుల్లోని ఆఫీసులకు సుమారు 245. పుస్తకాల ర్యాకులు వరసగా పెట్టే లైబ్రరీ గదులకైతే ఏకంగా 730కి పైనే. కాబట్టి పాత స్కూలును ఫ్లాట్లుగా మారుస్తామంటే నాలాంటి వాడు రాత్రి హాయిగా నిద్రపోతాడు, బరువు తగ్గుతోంది కాబట్టి. క్లాస్‌రూమ్ వైశాల్యం కూడా ఓ చిన్న ఫ్లాట్‌కి సరిపోతుంది, కిటికీలు పెద్దవి. అదే స్కూలును లైబ్రరీ చేస్తామంటే ఫ్లోర్ కింద ఉక్కు దూలాలు పెట్టాలి. పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లో గ్రాండ్ నది ఒడ్డున 1880ల నాటి రాతి పోస్టాఫీసు ఉంది. కెనడా ప్రభుత్వ చీఫ్ ఆర్కిటెక్ట్‌గా పనిచేసిన థామస్ ఫుల్లర్ హయాంలో కట్టింది. 2018లో దాన్ని గాజు గదులు జోడించి డిజిటల్ లైబ్రరీగా తెరిచారు. అందులో పుస్తకాల ర్యాకులు లేవు, త్రీడీ ప్రింటర్లు, స్టూడియోలు, పిల్లల ఆటల గది ఉన్నాయి. అలా చేయడానికి వాళ్ల కారణాలు వాళ్లవి. నా కళ్లకు మాత్రం ఆ ర్యాకులు లేని ఫ్లోరే ముందు కనబడింది. వృత్తి రోగం అనుకోండి. పిల్లలుంటే ఓ రోజు తీసుకెళ్లండి, నది మీదికి పొడుచుకొచ్చిన గాజు గదిలో కూర్చుంటే కదలరు.

రెండు, ఇటుక. ఇది మనవాళ్లకు త్వరగా అర్థమవుతుంది. మా తాతగారి ఇల్లు డంగు సున్నంతో కట్టింది. మా బాబాయి దానికి సిమెంటు పూత వేయిస్తే మూడేళ్లలో గోడ లోపల చెమ్మ పట్టి పెచ్చులూడింది. ఇక్కడా అంతే. 1920లకు ముందు కట్టిన స్కూళ్లలో మెత్తటి ఇటుక, సున్నపు అతుకు. గోడ నీళ్లు పీల్చుకుని, ఎండలో వదిలేస్తుంది. మధ్యలో ఎవరో ఒక కాంట్రాక్టరు అతుకుల్లో గట్టి సిమెంటు దట్టిస్తాడు. నీరు అతుకులోంచి బయటికి రాలేక ఇటుకలోంచి వస్తుంది, జనవరిలో గడ్డకట్టి ఇటుక ముఖాన్ని ఊడబెరుకుతుంది. మీ ఎదురు స్కూలు దగ్గరికెళ్లి కింది నాలుగు వరసలు చూడండి. ఇటుకల ముందు భాగం రేకుల్లా రాలి, అతుకులు మాత్రం బయటికి గట్లలా పొడుచుకుని ఉంటే ఆ పని జరిగిందన్నమాట. దానికి మందుంది గానీ ఖరీదైన మందు.

ఇంకో చిక్కుంది. హీటింగ్ బిల్లు తగ్గాలని లోపలి వైపు మందంగా ఇన్సులేషన్ పెడితే, ఇంతకాలం లోపలి వేడి తగిలి పొడిగా ఉన్న ఇటుక ఒక్కసారి చల్లబడుతుంది, తడి ఆరదు. మంచి చేద్దామని చెడగొట్టిన గోడలు చాలా చూశాను.

కర్ర గురించి భయం అక్కర్లేదు. “పాత కర్ర దూలాలు, నిప్పంటుకుంటే?” అని అందరూ అడుగుతారు. అడుగు మందం దూలం పైపైన బొగ్గై, ఆ బొగ్గే లోపలి కర్రను కొంతసేపు కాపాడుతుంది. సన్న కర్రలతో కట్టిన కొత్త ఇళ్లకే నిజానికి తొందరగా ప్రమాదం.

అసలు డబ్బు తినేవి వేరే ఉన్నాయి. ఆస్బెస్టాస్ తీయడం, రెండో మెట్లదారి, లిఫ్టు, వీల్‌చెయిర్ దారి, స్ప్రింక్లర్లు. గోడలూ పునాదీ ఉన్నాయి కదా అని సంబరపడతారు, ఖర్చంతా కనబడని వాటిలో ఉంటుంది. ఒంటారియో కోడ్‌లో పాత బిల్డింగుల మార్పులకు పార్ట్ 11 అని ఒక భాగం ఉంది. కొత్త బిల్డింగు నియమాలన్నీ తు.చ. తప్పకుండా పెట్టకుండా, అదే స్థాయి భద్రత వేరే దారిలో చూపించడానికి అది వీలిస్తుంది. అది లేకపోతే నా వృత్తే లేదు.

ఒక స్కూలు కథ. పేరు చెప్పను, మీ స్కూలు కాదు, ఊరు కూడా ఇది కాదు. మొదటిసారి చూడ్డానికి వెళ్లినప్పుడు పిల్లలు ఇంకా ఉన్నారు. బేస్‌మెంట్‌లో దూలం కొస ఇటుక గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాను. అదే మా స్టెతస్కోప్. ఠంగుమంది, గీత కూడా పడలేదు. వంద దాటిన కర్ర, ఇనుములా ఉంది. రిపోర్టులో “కండిషన్ బాగుంది, గమనిస్తూ ఉండాలి” అని రాశాను.

జూన్‌లో స్కూలు మూసేశారు. నవంబరులో గ్యాస్ బిల్లు దండగని బాయిలర్ ఆపేశారు. పైపుల్లోంచి నీళ్లన్నీ తీసేశామనుకున్నారు గానీ పూర్తిగా తీయలేదు. జనవరిలో మూడో అంతస్తు బాత్‌రూమ్‌లో పైపు పగిలింది. ఎవరూ లేరు కదా, నీళ్లు మూడు అంతస్తులూ దిగి, ముందు గుమ్మం కింద నుంచి బయటికొచ్చి మెట్ల మీద గడ్డకట్టాక గానీ ఎవరికీ తెలియలేదు. పైపు బాగుచేశారు, హీటింగ్ మాత్రం మళ్లీ వేయలేదు. ఇంకో రెండు చలికాలాలు గడిచాక కొనాలనుకున్న వాళ్లు నన్ను పిలిచారు. జిమ్‌లో మేపుల్ చెక్క ఫ్లోర్ అలల్లా లేచి ఉంది. బేస్‌మెంట్‌లో అదే దూలం, అదే చోట పొడిచాను. స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది. బయటికి లాగితే చివరన తడి కాఫీ పొడిలాంటిది అంటుకుని వచ్చింది.

నా రెండో రిపోర్టు చదివి కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. కూల్చడానికి వారం కూడా పట్టలేదు. ఆ మొదటి రిపోర్టులో “గమనిస్తూ ఉండాలి” అని మర్యాదగా రాసే బదులు “హీటింగ్ ఆపొద్దు” అని పెద్దక్షరాలతో రాసి ఉండాల్సింది. అప్పట్నుంచి ప్రతి రిపోర్టులో మొదటి పేజీలోనే రాస్తున్నాను.

హెరిటేజ్ అంటే ఏమిటో ఏజెంటుని ఒక్క ప్రశ్న అడగండి: లిస్టెడా, డెజిగ్నేటెడా? రెండింటికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. లిస్టెడ్ అంటే సిటీ రిజిస్టర్‌లో పేరుంది, అంతే. కూల్చాలంటే ఓనరు 60 రోజుల ముందు నోటీసివ్వాలి, ఆలోగా సిటీ తేల్చుకోవాలి. డెజిగ్నేటెడ్ అంటే ఒంటారియో హెరిటేజ్ చట్టం కింద కౌన్సిల్ బైలా చేసింది. అప్పుడు కూల్చడానికైనా, ముఖ్యమైన మార్పులకైనా కౌన్సిల్ అనుమతి కావాలి.

2022 చివర్లో ప్రావిన్స్ తెచ్చిన బిల్ 23 అనే చట్టంతో ఇది ఇంకా బిగిసింది. లిస్టులో ఊరికే పెట్టి వదిలేయడం ఇక కుదరదు. గడువులోగా డెజిగ్నేట్ చేయాలి, లేదంటే పేరు తీసేయాలి. తీసేస్తే ఐదేళ్ల దాకా మళ్లీ చేర్చకూడదు. అప్పటికే లిస్టులో ఉన్నవాటి గడువును తర్వాత 2027 జనవరి 1కి పొడిగించారు. డెజిగ్నేషన్‌కి అర్హత కూడా పెంచారు, తొమ్మిది ప్రమాణాల్లో కనీసం రెండు కుదరాలి. కాబట్టి “హెరిటేజ్, ముట్టుకోరు” అన్న మాటకు ఇప్పుడు గ్యారంటీ బాగా తక్కువ. ఇంకొకటి, డెజిగ్నేషన్ ఉన్నా వీధి వైపు గోడ ఒక్కటి నిలిపి వెనక టవర్ లేపడానికి అనుమతి అడగొచ్చు. ముఖం ఉంటుంది, మనిషి ఉండడు. నాకు నచ్చదు, కానీ రెండూ పోవడం కన్నా నయమని ఒప్పుకునే రోజులున్నాయి.

పెద్దాయన చెప్పిన 30 అంతస్తుల మాట కూడా గాలివాటం కాదు. అయాన్ ట్రామ్ 2019 జూన్‌లో మొదలైంది, కోనెస్టోగా మాల్ నుంచి ఫెయిర్‌వే దాకా 19 కిలోమీటర్లు. స్టేషన్ల చుట్టూ నడిచి వెళ్లేంత దూరంలో హెక్టారుకు 160 మంది నివాసులూ ఉద్యోగులూ ఉండేలా ప్లాన్ చేయాలని ప్రావిన్స్ నియమం. డీటీకే అనే 39 అంతస్తుల కాండో టవర్ అలాంటి చోటే లేచింది. ఆ ట్రామ్ రావడంతో చార్ల్స్ స్ట్రీట్ బస్ టెర్మినల్ పని అయిపోయింది. ఆ స్థలంలో ఏం రావాలన్నది ఏళ్ల తరబడి నలిగింది. డౌన్‌టౌన్ నడిబొడ్డున, రీజియన్ ప్రభుత్వం సొంత స్థలంలోనే ఇలా జరిగిందంటే, ఖాళీ స్కూలు త్వరగా తేలుతుందని ఆశ పెట్టుకోకండి. స్కూలు బోర్డు కూడా బయటివాళ్లకు అమ్మేముందు నిబంధనల ప్రకారం ఇతర విద్యా అవసరాలకు, ప్రభుత్వ అవసరాలకు పనికొస్తుందేమో చూడాలి. దానికే టైమ్ పడుతుంది.

ఇక మీరు చేయాల్సినవి.

సిటీ వెబ్‌సైట్‌లో మ్యాప్ ఉంటుంది, ఆ స్కూలు అడ్రస్ కొట్టి జోనింగ్, అంటే అక్కడ ఏం కట్టొచ్చు, ఎంత ఎత్తు కట్టొచ్చు అన్న నియమం చూడండి, హెరిటేజ్ రిజిస్టర్‌లో పేరుందేమో చూడండి. అర్థం కాకపోతే ప్లానింగ్ డిపార్ట్‌మెంటుకు ఫోన్ చేయండి. ఇక్కడ కౌంటర్లో వాళ్లు ఓపిగ్గా చెబుతారు, ఎవరి రికమెండేషన్ అక్కర్లేదు. మొహమాటపడి ఏజెంటు మాట మీద ఆధారపడేవాళ్లే మనలో ఎక్కువ.

జనవరిలోనో ఫిబ్రవరిలోనో, మంచు పడిన మర్నాడు స్కూలు వైపు చూడండి. చిమ్నీ నుంచి ఆవిరి వస్తోందా? నడకదారి మంచు ఎవరైనా ఎత్తారా? కిటికీలకు ప్లైవుడ్ కొట్టేశారా? నాలుగు ఫైళ్లు చదివినా దొరకని సంగతి ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

జోనింగ్ మార్చమని ఎవరైనా దరఖాస్తు పెడితే సాధారణంగా 120 మీటర్ల లోపు ఓనర్లకు నోటీసు వస్తుంది, ఆ స్థలంలో బోర్డు కూడా పెడతారు. మీరు ఇల్లు కొన్నాక అలాంటి నోటీసు వస్తే చెత్తబుట్టలో వేయకండి. 2024లో వచ్చిన బిల్ 185తో, కౌన్సిల్ ఆమోదించిన జోనింగ్ మీద పొరుగువాళ్లు ట్రిబ్యునల్‌కి అప్పీలుకు వెళ్లే దారి మూసేశారు. అంటే మాట్లాడాల్సింది కౌన్సిల్ ఓటుకు ముందే. పేరిచ్చుకుంటే మీకూ కొన్ని నిమిషాలు ఇస్తారు. ఇంగ్లీషు తడబడినా ఫరవాలేదు. “టవర్ వద్దు” అంటే ఎవరూ రాసుకోరు. “లారీలు ఏ వీధిలోంచి వస్తాయి, నీడ డిసెంబరులో ఎన్ని గంటలు పడుతుంది” అంటే రాసుకుంటారు.

పార్కింగ్ కూడా ఆలోచించుకోండి. స్టేషన్ల చుట్టూ కొత్త బిల్డింగులకు ఇన్ని పార్కింగులు ఉండి తీరాలని సిటీ ఇప్పుడు పట్టుబట్టకూడదు. కొత్తగా వచ్చేవాళ్ల కార్లు మీ వీధిలోకి వస్తాయి. టౌన్‌హౌస్‌కి సొంత గ్యారేజ్ ఉంటే టెన్షన్ లేదు.

కొన్నాక స్కూలు కూల్చడమో, పక్కన తవ్వడమో మొదలయ్యేలా ఉంటే, అంతకు ముందే మీ బేస్‌మెంట్ గోడలన్నీ తేదీ పడేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. ప్రతి పగులు పక్కనా ఒక నాణెం పెట్టి తీయండి, కొలత తెలుస్తుంది. పెద్ద కాంట్రాక్టర్లు వాళ్లే సర్వే చేయిస్తారు, ఆ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి.

నేనైతే కొంటానా అంటే, స్కూలును ఫ్లాట్లుగా మార్చే దరఖాస్తు ఇప్పటికే పడి ఉంటే కళ్లు మూసుకుని కొంటాను. ఏమీ తేలకుండా మూడు చలికాలాలు ఖాళీగా ఉండి ఉంటే, ఎదురుగా టవరే వస్తుందనుకుని, ఆ ధరకు తగ్గట్టు బేరమాడతాను. స్కూలు వీధి పేరు, దగ్గర్లో ఏదైనా బోర్డు పెట్టి ఉంటే దాని మీది ఫైల్ నంబరు ఇక్కడ రాయండి. ఇటుకల కింది వరసల ఫొటో కూడా పెడితే ఇంకా మంచిది. శనివారం తీరిక ఉంది, చూసి చెబుతాను.